ముప్పై నాలుగున్నర గంటల రోజు

అమెరికా చదువుకు బయల్దేరే రావులపాలెం విద్యార్థికి ప్రయాణపు రోజు 24 గంటలతో తెమలదు. వేసవిలో మన గడియారం డల్లాస్ గడియారం కంటే పదిన్నర గంటలు ముందు నడుస్తుంది. ఇక్కడ అర్ధరాత్రి మొదలైన తేదీ అక్కడ అర్ధరాత్రికి ముగిసేసరికి 34 గంటల 30 నిమిషాలు గడుస్తాయి. తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో విమానమెక్కి, నాలుగు గంటల పైచిలుకు ఎగిరి దోహాలో దిగి, రెండు గంటలాగి, రెండో విమానంలో పదహారు గంటలు కూర్చున్నా డల్లాస్‌లో దిగేది అదే తేదీ సాయంత్రం నాలుగింటికే. టికెట్టు చూస్తే పొద్దున వెళ్ళి సాయంత్రానికి చేరినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకు ఆ రోజు అంతకు ముందురోజు ఉదయమే, కారు డిక్కీలో పెట్టెలు పట్టించడంతో మొదలవుతుంది.

కోనసీమకు ముఖద్వారమని పేరున్న రావులపాలెం గౌతమీ వశిష్ఠల మధ్య, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. జొన్నాడ వైపు వంతెన దాటితే రాజమహేంద్రవరం దారి, సిద్ధాంతం వంతెన దాటితే తణుకు, విజయవాడ దారి. అరటి గెలల మార్కెట్‌కు పెట్టింది పేరు. ఆర్టీసీ డిపో ఉంది, రైలు స్టేషన్ లేదు. ఇలాంటి ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళడం ఇప్పుడు వింతేమీ కాదు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఆ ఏడాది చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి చేరింది. అందులో తెలుగువాళ్ళ వాటా చిన్నది కాదు. ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఎమ్మెస్ కోసం ఆగస్టులోనో జనవరిలోనో బయల్దేరేవాళ్ళే వీరిలో ఎక్కువ.

గోదావరి సీమకు ఈ అలవాటు పాతదే. భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్ళలో హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి ఓడెక్కారు. ఖర్చుకు మామగారు సాయపడ్డారు. లండన్ మీదుగా ఆయన బోస్టన్ చేరేసరికి అక్టోబరు నెలాఖరైంది. అక్కడ బతుకుతెరువుకు ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. 1948లో చనిపోయేవరకు మళ్ళీ స్వదేశానికి రానేలేదు. ఓడలో వారాలు పట్టిన దూరం ఇప్పుడు ఒక్క తేదీలో ఇమిడిపోతోంది. మామగారి స్థానంలోకి మాత్రం బ్యాంకు అప్పు వచ్చింది.

తేదీ ఖాయం చేయడం దగ్గరే మొదటి తంటా. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో కోర్సు మొదలయ్యే తేదీ ఉంటుంది. దానికి 30 రోజుల కంటే ముందు ఎఫ్-1 వీసాతో అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. ఆలస్యమైతే క్లాసులు పోతాయి. అంటే దొరికేది మూడు నాలుగు వారాల గడువు. అందులోంచి పంచాంగం కొన్ని రోజులు తీసేస్తుంది. వారశూల ప్రకారం ఆదివారం, శుక్రవారం పడమటి ప్రయాణం కూడదు. రావులపాలెం నుంచి హైదరాబాదూ పడమరే, అమెరికా కూడా పడమరే. మిగిలిన రోజుల్లో వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం తప్పించాలి. అన్నీ కుదిరిన రోజున టికెట్టు ధర కుదరదు. దీనికి పెద్దలు ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. మంచి గడియలో ఒక పెట్టెను ఇంటి నుంచి బయటికి తెచ్చి పక్కింట్లోనో, గుడిలోనో ఉంచుతారు. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. ప్రస్థానం ఉంచడమంటే ఇదే. ఆ తర్వాత విమానం ఏ రాహుకాలంలో లేచినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పంచాంగం చూడని ఇళ్ళలోనూ గోదావరిని చూసుకోక తప్పదు. అమెరికా ప్రయాణాల కాలం, గోదావరికి వరదలొచ్చే కాలం ఒక్కటే. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అలాంటప్పుడు రహదారి మీదున్న రావులపాలేనికి రాకపోకలు సాగినా, పాయల మధ్యనున్న లంక గ్రామాలకు పడవలే దిక్కు. లంకల్లోని పిల్లలు వరద హెచ్చరిక వినగానే పెట్టెలతో సహా రెండు మూడు రోజుల ముందే గట్టెక్కి, బంధువుల ఇళ్ళలో మకాం వేస్తారు.

ఇక పెట్టెలు. ఇంటిల్లిపాదినీ వారం రోజులు తిప్పలు పెట్టేవి ఇవే. అమెరికా వెళ్ళే విమానాల్లో విద్యార్థికి మామూలుగా 23 కిలోల చొప్పున రెండు పెద్ద పెట్టెలు, చేతిలో ఏడెనిమిది కిలోల చిన్న పెట్టె, భుజానికో బ్యాగు అనుమతిస్తారు. 46 కిలోలంటే చాలా అనిపిస్తుంది. ప్రెషర్ కుక్కరు, రెండు దుప్పట్లు, చలికోటు, ఏడాదికి సరిపడా మందులు, కళ్ళజోళ్ళు పెట్టేసరికి సగం అయిపోతుంది. మిగిలిన సగం కోసం ఇంట్లో అందరూ పోటీ పడతారు. అమ్మ ఆవకాయ, మాగాయ అంటుంది. అమ్మమ్మ సున్నుండలు, కందిపొడి, నల్లకారం తెస్తుంది. ఆత్రేయపురం పక్కనే కాబట్టి పూతరేకులు లేకుండా పెట్టె మూత పడదు.

ఊరగాయ కట్టడం ఒక పనితనం. విమానం పైకి లేచాక లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. డబ్బా మూత కింద ఇరుక్కున్న గాలి వ్యాకోచించి నూనెను బయటికి తోస్తుంది. మూత ఎంత బిగించినా అంచు వెంట నూనె కారేది అందుకే. అది తెలిసినవాళ్ళు పైన తేలిన నూనె వంచేసి, ముక్కను మందపాటి కవర్లలో పోయించి, గాలి లాగేసి సీలు వేయిస్తారు. ఊరగాయలు, స్వీట్లు అమ్మే దుకాణాల్లో ఇప్పుడు ఈ యంత్రాలు మామూలైపోయాయి. సీలు వేసిన కవరును ఇంకో కవరులో పెట్టి, పాత తువ్వాలు చుట్టి, పెట్టె నడుమ బట్టల మధ్య దాస్తారు. పూతరేకులది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య. బోర్లించిన కుండ మీద తీసిన బియ్యపు పొర గాలి లాగితే పొడైపోతుంది. అందుకని గట్టి డబ్బాలోనే వెళ్ళాలి, వీలైతే చేతి పెట్టెలో.

కొబ్బరి సీమ నుంచి వెళ్ళేవాళ్ళు ఒక నిబంధన విని ముక్కున వేలేసుకుంటారు. ఎండు కొబ్బరి విమానమెక్కడానికి వీల్లేదు. అందులో నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉంది. ప్రమాదకర సరుకుల జాబితాలో దానికి యూఎన్ 1363 అనే నంబరు కూడా ఉంది. దుబాయ్, అబుదాబిల మీదుగా వెళ్ళేవాళ్ళు గసగసాలు పెట్టుకోకూడదు. ఆ దేశంలో అవి నిషిద్ధం. అమెరికా వైపు నిబంధనలు ఇంకో రకం. పచ్చి కరివేపాకు నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకెళ్తుందని రానివ్వరు. బియ్యంలో పురుగు భయం, మాంసం పచ్చళ్ళలో పశువ్యాధుల భయం. తాజా పళ్ళు, విత్తనాలు అసలే వద్దు. మిగతా తినుబండారాలు తీసుకెళ్ళవచ్చు, కానీ ఉన్నాయని ముందే చెప్పాలి. దాచి దొరికితే జరిమానా 10,000 డాలర్ల దాకా పోవచ్చు. చెప్పి పోగొట్టుకుంటే పోయేది పచ్చడే.

పెట్టెల హడావుడిలో పడి చిన్నచూపు చూసేది, నిజానికి ప్రయాణమంతా ఆధారపడేది, ఒక ప్లాస్టిక్ ఫైలు. పాస్‌పోర్టు, దాని మీద వీసా, సంతకం చేసిన ఐ-20, విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ సెవిస్‌కు కట్టిన 350 డాలర్ల రుసుము రసీదు, ప్రవేశ పత్రం, బ్యాంకు రుణ మంజూరు పత్రం, మార్కుల జాబితాలు, టీకాల వివరాలు, దిగాక ఉండబోయే ఇంటి చిరునామా అందులో ఉంటాయి. పెట్టె పోతే బట్టలు కొనుక్కోవచ్చు. ఫైలు పోతే తిరుగు ప్రయాణమే. అందుకే దాన్ని పెద్ద పెట్టెలో పెట్టకూడదు. ఏ గేటు దగ్గర ఏ కాగితం అడుగుతారో తెలుసుకుని, ఆ వరుసలోనే అమర్చుకోవాలి. సర్దే పని పిల్లలే చేయాలి. తండ్రి సర్దిన ఫైలులో ఏ కాగితం ఎక్కడుందో అధికారి ముందు నిలబడి వెతుక్కునే పిల్లలు చాలామందే.

తెలుగువాళ్ళ ఫైళ్ళలో తరచూ కనిపించే చిక్కు పేరుది. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. కొందరి పాస్‌పోర్టుల్లో మొత్తం పేరు ఒకే గడిలో పడి, రెండోది ఖాళీగా ఉంటుంది. అసలు పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఆ స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదని దాని భావం. ఆ మూడక్షరాలే బ్యాంకు కార్డు మీద, కాలేజీ హాజరు పట్టీలో, డ్రైవింగ్ లైసెన్సులో వెంటపడతాయి. వీసాకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే ఈ బెడద ఉండదు.

డబ్బు సంగతి తేలిగ్గా తేలిపోతుంది. విదేశీ నోట్ల రూపంలో మనిషికి 3,000 డాలర్ల వరకే తీసుకెళ్ళనిస్తారు. మిగిలింది ఫారెక్స్ కార్డులో వేసుకుంటారు.

ముందురోజు ఉదయం ఇంటి ముందు రెండు కార్లు ఆగుతాయి. అంతకు ముందే వాడపల్లి వెంకన్న దర్శనం, అయినవిల్లి వినాయకుడి మొక్కు తీరి ఉంటాయి. వీసా కోసం చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నవాళ్ళు 108 ప్రదక్షిణల బాకీ కూడా ఈ దారిలోనే తీర్చుకోవాలి. గుమ్మంలో పెద్దల కాళ్ళకు దండాలు, ముత్తయిదువను ఎదురు రమ్మనడం, చక్రం కింద నిమ్మకాయ. తుమ్మినవాడి మీద అందరూ ఒకేసారి కేకలేసి, పిల్లవాణ్ణి రెండు నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మళ్ళీ లేపుతారు. అల్పాహారం రావులపాలెంలో, భోజనం సూర్యాపేట దరిదాపుల్లో, రాత్రి అన్నం కూకట్‌పల్లిలోనో, నిజాంపేటలోనో ఉన్న పిన్నిగారింట్లో.

రోడ్డు మీద సుమారు 400 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. గంట దూరంలో విమానాశ్రయముంటే ఇంత కష్టమెందుకని అనుమానం రావచ్చు. రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంట ప్రయాణమే. అయితే విడిగా కొన్న దేశీయ టికెట్టు మీద మామూలుగా 15 కిలోలే అనుమతిస్తారు. మిగిలిన 31 కిలోలకు కట్టే డబ్బుతో కారు వచ్చేస్తుంది. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీదుంటే పెద్ద పరిమితే వర్తించవచ్చు కానీ, అప్పుడు కూడా రెండో చిక్కు తీరదు. ఇంట్లోవాళ్ళు శంషాబాద్ దాకా రాలేరు. చివరికి నిర్ణయం చేసేది ఈ రెండోదే. రైలును నమ్ముకునేవాళ్ళు రాజమహేంద్రవరం వెళ్ళి రాత్రిపూట గోదావరి ఎక్స్‌ప్రెస్‌నో, గౌతమినో పట్టుకుని తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగుతారు. ఊరిలోనే ఎక్కే రాత్రి బస్సులూ ఉన్నాయి. ఏ దారిలో వచ్చినా విమానం వేళకు, హైదరాబాద్ చేరే వేళకు మధ్య అరపూటైనా ఖాళీ ఉంచుకోవాలి. విజయవాడ హైదరాబాద్‌ల మధ్య ఒక లారీ అడ్డం తిరిగితే చాలు, రెండు గంటలు పోతాయి.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి అమెరికా ప్రయాణికులకు దుబాయ్, దోహా, అబుదాబి, లండన్ మార్గాలు ప్రధానమయ్యాయి. 2021 జనవరిలో ఎయిరిండియా షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టినా అది నిలవలేదు. విమానం వేళకు నాలుగు గంటల ముందు చేరడం మంచి లెక్క. గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ సిబ్బంది టికెట్టు, పాస్‌పోర్టు చూసి ప్రయాణికుణ్ణే లోపలికి పంపుతారు. రెండు కార్లలో వచ్చినవాళ్ళంతా ఆ గాజు తలుపు దగ్గరే ఆగాలి. ఆగస్టు 15 ముందు భద్రత పెంచే రోజుల్లో, సాగనంపడానికి వచ్చేవాళ్ళను తగ్గించుకోమని అధికారులు కోరుతుంటారు. పిల్లలు ఎక్కువగా బయల్దేరేదీ ఆ రోజుల్లోనే కాబట్టి ఆ మాట వినేవాళ్ళు తక్కువ.

అప్పటిదాకా పది చేతుల మీదుగా నడిచిన పని తలుపు దాటగానే ఒక్కరిది అవుతుంది. కౌంటర్ దగ్గర తూకం 24.6 కిలోలు చూపిస్తే పెట్టెను నేల మీద బార్లా తెరిచి, 1.6 కిలోలు ఎక్కడ తగ్గించాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. సాధారణంగా ముందు పోయేది పుస్తకాలు, తర్వాత కందిపొడి. పచ్చడి జోలికి ఎవరూ పోరు. ఇంటి దగ్గరే వేలాడే తూకంతో చూసుకుని, ఒక్కో పెట్టెలో అరకిలో వెలితి ఉంచుకున్నవాళ్ళకు ఈ అవస్థ లేదు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో ఉంటే ఇక్కడే తీయించి చేతి సంచిలో పెట్టిస్తారు. లిథియం బ్యాటరీ సరుకుల అరలో అంటుకుంటే ఆర్పే దిక్కుండదు.

కౌంటర్‌లో పెట్టెలు తీసుకునే మనిషి వీసా, ఐ-20 కూడా చూస్తారు. ఎదుటి దేశం వెనక్కి పంపితే ఆ ప్రయాణికుణ్ణి తిరిగి తేవాల్సిన బాధ్యత విమాన సంస్థదే మరి. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు విశ్వవిద్యాలయాలకు వెళ్ళిన 14 మందిని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి పంపాక, అవే చోట్లకు బయల్దేరిన 19 మందిని ఎయిరిండియా హైదరాబాద్‌లోనే ఎక్కనివ్వకుండా ఆపింది. వీసా ఉండీ, టికెట్టు ఉండీ ప్రయాణం ఆగిపోవచ్చని చాలా కుటుంబాలకు ఆ రోజే తెలిసింది.

తర్వాత మన వలస అధికారుల ముద్ర, భద్రతా తనిఖీ. చేతి సంచిలో ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్ల సీసాకు మించకూడదు. ఆవకాయ ద్రవమా, ఘనమా అని అక్కడ వాదించి గెలిచినవాళ్ళు లేరు.

సాగనంపినవాళ్ళు మాత్రం వెంటనే కదలరు. లోపలి నుంచి తనిఖీ అయిపోయిందని ఫోను వచ్చాకే రెండింటికో, రెండున్నరకో కారెక్కుతారు. ఆ కారు పదిన్నరకు రావులపాలెం చేరే వేళకు పిల్లవాడు దోహాలో రెండో విమానం ఎక్కుతుంటాడు. ఇక రాత్రిదాకా ఇంట్లో ఫోను తెర మీద విమానం బొమ్మ కదులుతూ ఉంటుంది. మొదటిసారి విమానమెక్కేవాళ్ళు మారే చోట బెదరనక్కర్లేదు. పెద్ద పెట్టెలు వాటంతటవే రెండో విమానంలోకి మారతాయి. తెర మీద గేటు నంబరు చూసుకుని నడిస్తే చాలు. ఫోన్ ఛార్జర్, ఒక జత బట్టలు, ఫైలు చేతిలో ఉండాలి. అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళకు ఒక తేడా ఉంది. 2014 జనవరి నుంచి అమెరికా ప్రవేశ తనిఖీ అక్కడే పూర్తి చేస్తున్నారు. అది దాటినవాళ్ళు అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగి వెళ్ళిపోతారు. ఒకవేళ తిరస్కరిస్తే అమెరికా దాకా వెళ్ళి వెనక్కి రావాల్సిన పని ఉండదు.

మిగతా దారుల్లో అమెరికాలో మొదట దిగే విమానాశ్రయంలోనే ఆ తనిఖీ. పదహారు గంటల ప్రయాణం తర్వాత, గంటన్నర వరుసలో నిలబడ్డాక, నిద్రకళ్ళతో ఎదుర్కోవాల్సిన ప్రశ్నలు కొన్నే. ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడతారు, ఎక్కడ ఉంటావు. వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం హక్కు కాదు, నిర్ణయం ఆ బల్ల వెనక అధికారిదే. 2023 ఆగస్టులో 21 మంది భారతీయ విద్యార్థులను ఒకే రోజు వెనక్కి పంపినట్టు వార్తలొచ్చాయి. వారిలో తెలుగు రాష్ట్రాల పిల్లలు ఎక్కువ. చేరబోయే కోర్సు పేరు చెప్పలేకపోవడం, దరఖాస్తులో రాసినదానికి నోటితో చెప్పేదానికి పొంతన లేకపోవడం, ఫోనులో పార్ట్‌టైమ్ ఉద్యోగాల సంభాషణలు ఉండటం చిక్కులు తెస్తాయి. కన్సల్టెన్సీ చేత దరఖాస్తు రాయించుకుని, తాను చదవకుండా సంతకం పెట్టినవాళ్ళకు ఇక్కడ మాట తడబడుతుంది. విమానంలో సినిమాలు చూసే సమయంలో ఒక అరగంట ఐ-20 చదువుకోవడం మేలు.

వేలిముద్రలు, ఫొటో అయ్యాక పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి. అక్కడ తినుబండారాలున్నాయా అంటే ఉన్నాయనే చెప్పాలి. ఇంకో ఊరికి విమానం మారేవాళ్ళు అవే పెట్టెలను సాధారణంగా అక్కడే మళ్ళీ అప్పగించాలి. డెంటన్, ఆర్లింగ్టన్ లాంటి విశ్వవిద్యాలయ పట్టణాల్లో తెలుగు పిల్లలు ఎక్కువ కాబట్టి, బయట పాత విద్యార్థి ఎవరో కారుతో ఎదురుచూస్తుంటారు. ఈ ఏర్పాటంతా వాట్సాప్ గుంపుల్లోనే నడుస్తుంది. రావులపాలెంలో అప్పుడు తెల్లవారుజామున నాలుగు దాటుతుంటుంది. చేరానన్న ఫోను కోసం ఎవరూ నిద్రపోయి ఉండరు.

ప్రయాణం కాగితాల మీద పూర్తవడానికి ఇంకా కొంత ఉంది. ప్రవేశం నమోదైన ఐ-94 పత్రాన్ని ఇంటర్నెట్‌లో తీసి, పేరు, వీసా తరగతి సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. తప్పుంటే తొలిరోజుల్లో సరిచేయించుకోవడం తేలిక. తర్వాత విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్ళి పాస్‌పోర్టు, ఐ-20 చూపించి, ఉంటున్న చిరునామా రాయించాలి. కోర్సు మొదలైన 30 రోజుల్లోపు విశ్వవిద్యాలయం ఆ వివరాలను సెవిస్‌లో నమోదు చేయాలి. ఆ తర్వాత ఇల్లు మారితే పది రోజుల్లోపు కొత్త చిరునామా తెలపాలి.